కొలిచాక చెప్పే మాట: అన్నా మణి స్మారక ఉపన్యాసం

2024 మే 29 మధ్యాహ్నం ఢిల్లీ శివారు ముంగేష్‌పుర్‌లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. సాయంత్రానికల్లా ఆ అంకె దేశమంతా పాకింది. మన దేశంలో ఇంత ఎండ ఎన్నడూ నమోదు కాలేదన్నారు. వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో సరిపోల్చి చూస్తే, ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. సరిదిద్దిన వార్త మొదటి వార్త వెళ్లినంత దూరం వెళ్లలేదు. వెళ్లిన చోట కూడా కొందరు దాన్ని అడ్డం పెట్టుకుని, భూమి వేడెక్కడమనేదే ఒక కట్టుకథ అన్నారు. అదే రోజు సఫ్దర్‌జంగ్ కేంద్రంలో, ఏ లోపమూ లేని పరికరం మీద, 46.8 డిగ్రీలు నమోదైన సంగతి ఇద్దరికీ పట్టలేదు. సుమారు ఎనభై ఏళ్లలో అక్కడ అంత ఎండ లేదు.

పరికరం చూపే అంకెను నమ్మేముందు పరికరాన్ని పరీక్షించాలన్న పట్టుదలను మన వాతావరణ శాఖకు అలవాటు చేసినవారిలో అన్నా మణిది పెద్ద పేరు. తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో 1918లో పుట్టిన ఆమె మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకుని, బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాలు, కెంపుల కాంతి మీద పనిచేశారు. పరిశోధన పూర్తిచేసి సిద్ధాంత గ్రంథం సమర్పించినా, ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంతో డాక్టరేటు ఇవ్వలేదు. 1945లో లండన్ వెళ్లి వాతావరణ పరికరాల విద్య నేర్చుకుని, 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. అప్పటికి మామూలు పరికరాలకు కూడా మనం విదేశాల మీద ఆధారపడేవాళ్లం. దాదాపు వంద పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు గీయించి, వాటిని ఇక్కడే తయారు చేయించడం మొదలుపెట్టారామె. తప్పుడు కొలత కన్నా అసలు కొలవకపోవడమే నయమన్నది ఆమె అభిప్రాయం. 2001లో కన్నుమూసేదాకా అందులో మార్పు లేదు.

ఆమె స్మృతిలో సాగే ఈ ఉపన్యాసానికి, వాతావరణ మార్పు గురించి జనంలో పాతుకుపోయిన అపోహలు తగిన విషయం. ఆ అపోహలు ఒక వైపువే అనుకోవడం పొరపాటు. ‘ఇదంతా ఎప్పుడూ ఉన్నదే’ అనేవారి వల్ల ఎంత నష్టమో, ‘జరిగిన ప్రతిదానికీ వాతావరణ మార్పే కారణం’ అనేవారి వల్లా అంత నష్టముంది. ఎండలో, వానలో, గాలిలో వేడెక్కడం వాటా ఎంతన్నది కొలిచే పని ఇద్దరూ తప్పించుకుంటారు.

ముందుగా చలి సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగిందంటే ఆ వారాంతం కొండదారిలో కార్లు బారులు తీరతాయి. అదే వారం, భూమి వేడెక్కుతుంటే ఈ చలేమిటన్న ప్రశ్న కూడా ఎక్కడో ఒకచోట వినబడుతుంది. ఒక తెల్లవారుజామున ఒక ఊళ్లో ఎంత చలి వేసిందన్నది ఆనాటి గాలి, మబ్బు, తేమ తేల్చే విషయం. ఆ ఊరికి జనవరి అంటే ఎంత చలి అన్నది ముప్పై ఏళ్ల లెక్కలు కూడితే తెలిసే విషయం. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం అదే, మన వాతావరణ శాఖ పాటించేదీ అదే. వేడెక్కే భూమ్మీద చలి రాత్రులు మాయం కావు, వాటి సంఖ్య తగ్గుతుంది. తగ్గిందని ఎలా తెలుస్తుంది? రోజూ ఒకే వేళకు, ఒకే పద్ధతిలో, తరాల తరబడి ఎవరో రాసిపెట్టబట్టి.

అలా రాసిపెట్టిన చరిత్ర మనకు తక్కువేమీ లేదు. మద్రాసులో నుంగంబాకం వేధశాల 1792 నాటిది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపారు. నక్షత్రాలతో పాటు గాలివానల మీదా అక్కడ కన్ను ఉండేది. 1875లో వాతావరణ శాఖ ఏర్పడ్డాక తాలూకా కచేరీల ఆవరణల్లోకి వర్షమాపకాలు వచ్చాయి. ఉదయం 8.30కు సీసాలోని నీటిని కొలిచి రిజిస్టరులో రాసిన గుమస్తాల పేర్లు ఎక్కడా అచ్చుకాలేదు. ఈనాడు మన రుతుపవనాల గురించి శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నదంతా వారి చేతిరాత మీద నిలబడి ఉంది.

ఇక రెండో మాట, అన్నిటికన్నా బలమైనది: ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఎందుకంటే అందులో నిజముంది. రోహిణీకార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని తాతల నాడే అన్నారు. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1876-77 ధాత కరువు రాయలసీమ ఇళ్లలో తరతరాలు చెప్పుకునే కథ అయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఈనాడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పటికి గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇంత లేదు. అయినా వరద వచ్చింది.

కాబట్టి వరదలు కొత్తగా పుట్టాయా అన్నది అడగవలసిన ప్రశ్నే కాదు. ఎంత తరచుగా వస్తున్నాయి, వచ్చినప్పుడు ఎంత కురుస్తోంది అన్నవి అడగాలి. బి.ఎన్. గోస్వామి బృందం 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలోని రోజువారీ వాన లెక్కలను జల్లెడ పట్టి 2006లో ఒక విచిత్రాన్ని బయటపెట్టింది. మొత్తం వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ 10 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు దాటే వానలు పెరిగాయి, మధ్యరకం వానలు తగ్గాయి. ఒకటి పెరిగి మరొకటి తగ్గేసరికి సగటు కదల్లేదు. సగటును మాత్రమే చూసేవారికి ఏమీ మారనట్టే అనిపిస్తుంది. 2017లో రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు ఈ లెక్కను 2015 దాకా పొడిగించి, తెలంగాణ కూడా ఉన్న ఆ మధ్య భారత పట్టీలో, విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950తో పోలిస్తే మూడింతలయ్యాయని చూపారు.

రైతుకు ఈ తేడా సగటు కన్నా ముందే తెలుసు. మూడు రోజులు పట్టే ముసురు భూమిలోకి ఇంకుతుంది, చెరువు నిండుతుంది, పైరుకు పదును దొరుకుతుంది. అదే నీళ్లు మూడు గంటల్లో కుంభవృష్టిగా పడితే పైమట్టిని కోసుకుపోయి వాగులో కలుస్తాయి. తర్వాత ఇరవై రోజులు వాన ఉండదు. ఒకే ఖరీఫ్‌లో ఒకే పొలం మునగడమూ ఎండడమూ అందుకే. ఏడాది చివర రిజిస్టరులో మాత్రం ‘సాధారణ వర్షపాతం’ అని ఉంటుంది. నష్టపోయినవాడికి ఆ రెండు మాటలు చూస్తే కడుపు మండుతుంది, ఆ మంటలో న్యాయముంది.

దీని వెనకున్న భౌతికశాస్త్రం పాతదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. ఇంకోవైపు హిందూ మహాసముద్రపు ఉష్ణమండల జలాలు 1951-2015 మధ్య సగటున 1 డిగ్రీ వేడెక్కాయి. ఎక్కువ ఆవిరి, ఎక్కువ మోయగల గాలి కలిశాక, అల్పపీడనం తయారైతే చాలు, దించడానికి దాని దగ్గర సరుకు ఎక్కువగా ఉంటుంది. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013లో వాజేడులో కురిసిన 517.5. ఒక్క రికార్డు బద్దలవడం దానంతటది రుజువు కాదు. దాని వెనక అరవై ఏళ్ల లెక్క ఉంది కాబట్టి దానికి బరువు వచ్చింది.

ఓజోన్ సంగతి చెప్పకుండా అన్నా మణి స్మృతి పూర్తికాదు. ఆమె ఆధ్వర్యంలోనే భారత్ సొంతంగా ఓజోన్‌సోండ్ తయారుచేసుకుంది. బెలూనుకు కట్టి వదిలితే పైకి వెళుతూ పొర పొరకూ ఓజోన్ ఎంతుందో పంపే చిన్న పరికరమది. చదువుకున్నవారిలో కూడా చాలామంది ఓజోన్ పొరకు చిల్లు పడడం వల్ల భూమి వేడెక్కుతోందని గట్టిగా నమ్ముతారు. రెండూ వేరు. ఓజోన్ పొర పలచబడితే అతినీలలోహిత కిరణాలు కిందికి దిగుతాయి, చర్మానికీ కళ్లకూ ముప్పు. వేడెక్కడానికి మూలం భూమి వెలువరించే వేడిని బొగ్గుపులుసు వాయువు, మీథేన్ వంటివి పట్టి ఉంచడం. రెంటినీ కలిపే ముడి ఒకటుంది: ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను తినేస్తాయి, వేడినీ పట్టి ఉంచుతాయి. ఈ రెండో గుణాన్ని 1975లో కనిపెట్టినవారు తమిళనాడులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ తరుగు బయటపడింది, 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది, ఆ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. భూమి మాత్రం ఇంకా వేడెక్కుతూనే ఉంది. రెండూ ఒకటే అయితే ఇది సాధ్యం కాదు.

సూర్యుడే మండిపోతున్నాడనే వాదనకు జవాబు కూడా ఆమె పెట్టించిన కేంద్రాలే ఇచ్చాయి. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా నేలకు చేరే సూర్యరశ్మిని కొలిచే కేంద్రాల వరుసను ఆమె నిర్మించారు. దశాబ్దాల తర్వాత ఆ వరుస లెక్కలు చూస్తే, 1980ల నుంచి భారత నేలకు చేరే ఎండ తగ్గుతూ వచ్చిందని తేలింది. పొగ, దుమ్ము, మసి పైన అడ్డుపడుతున్నాయి. నేలను తాకే ఎండ తగ్గుతుంటే ఉష్ణోగ్రత పెరిగిందంటే ఆ వేడి సూర్యుడి నుంచి కొత్తగా వచ్చింది కాదు. 1978 నుంచి ఉపగ్రహాలు అంతరిక్షంలోనే సూర్యుణ్ని కొలుస్తున్నాయి. పదకొండేళ్ల ఆటుపోట్లే తప్ప అందులో పెరుగుదల లేదు. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

ఈ విజ్ఞానం నిన్నమొన్నటి రాజకీయమేమీ కాదు. 1856లో యూనిస్ ఫుట్ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ వేడెక్కుతుందని చూపింది. 1896లో స్వాంటే అరీనియస్ ఆ వాయువు రెట్టింపయితే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్కగట్టాడు. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవాలో చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల వంతుల్లో 315 వంతుల దాకా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. అదనంగా చేరినదాని కర్బన ఐసోటోపులు అది బొగ్గు, చమురుల నుంచి వచ్చిందని చెబుతున్నాయి. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలేది మనిషి వదిలేదానిలో నూరో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు అటువైపు అపోహ. దీన్ని గురించి మాట్లాడేవారు తక్కువ, కనుక కొంచెం నిలబడి చూడాలి.

2015 డిసెంబరులో చెన్నై మునిగింది. వాతావరణ మార్పే ముంచిందని దేశదేశాల్లో అన్నారు. ఒక విపత్తులో వేడెక్కడం పాత్ర ఎంతో లెక్కగట్టే విద్య అప్పటికే ఉంది. 2003 ఐరోపా వడగాడ్పుల మీద 2004లో వచ్చిన అధ్యయనంతో అది మొదలైంది. ఆ పద్ధతిలోనే చెన్నై వానను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందులో మానవ ప్రభావపు జాడ స్పష్టంగా దొరకలేదని చెప్పారు. చెప్పగలిగారు కాబట్టే, దొరికిందని వారన్నప్పుడు నమ్మాలి. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర భారతాన్నీ పాకిస్తాన్‌నూ కాల్చిన ఎండలు వేడెక్కని భూమ్మీద కన్నా దాదాపు 30 రెట్లు ఎక్కువ అవకాశంతో వచ్చాయని అదే విద్య తేల్చింది. 1901 నుంచి అంత వేడి మార్చి దేశంలో లేదు. గోధుమ గింజ పాలు పోసుకునే వేళ మాడిపోయింది, మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతి ఆపేసింది.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కృష్ణమ్మ ఉగ్రంగానే ఉంది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కానీ ఆ ఇళ్లను ముంచింది బుడమేరు. దాని గట్లకు గండ్లు పడ్డాయి, దాని దారి ఏళ్లుగా కుంచించుకుపోయింది. వానలో వేడెక్కడం వాటా ఉండవచ్చు, ఉంటే లెక్కగట్టాలి. గట్టు బలం, ఆక్రమణ, మూసుకుపోయిన కాలువ మాత్రం ఇక్కడి మనుషుల నిర్ణయాలు. వాటినీ ‘ప్రకృతి ప్రకోపం’ ఖాతాలో రాసేస్తే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ముంపులో పుస్తకాలు, బియ్యం, కుట్టుమిషను పోగొట్టుకున్న కుటుంబాలకు చేసే రెండో అన్యాయమది.

కోస్తా కోత కూడా ఇలాంటిదే. ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఉప్పాడలో ఇళ్లు, దారి సముద్రంలో కలిసిపోవడానికి ఆ ఒక్క కారణమే అనలేం. కృష్ణా, గోదావరి డెల్టాలకు చేరవలసిన ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది, కొత్త మట్టి రాని డెల్టా కుంగుతోంది. సముద్రం పైకి, నేల కిందికి. పరిష్కారం వెతికేవాడు రెంటినీ చూడకపోతే గోడ కడతాడు, గోడ కూడా సముద్రంలో పడుతుంది.

తుపానుల విషయంలో ఇంకో రకం తికమక ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన పదివేలమందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మరణాలు పదుల్లోనే ఆగాయి. దీన్ని చూపించి తుపానులు బలహీనపడ్డాయనేవారు ఉన్నారు. తగ్గింది గాలి బలం కాదు. రాడార్లు, ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ చేయించిన సిబ్బంది వల్ల చావులు తగ్గాయి. అలాగని తుపానుల సంఖ్య ఏటేటా పెరుగుతోందనడమూ తప్పే. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ప్రచురించిన నివేదిక ప్రకారం, ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి చూస్తే ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానుల మొత్తం సంఖ్య తగ్గింది. గత రెండు దశాబ్దాల్లో అతి తీవ్రమైనవి పెరిగాయి.

మన దేశం 1901-2018 మధ్య 0.7 డిగ్రీలే వేడెక్కిందని కూడా ఆ నివేదికలోనే ఉంది. ప్రపంచ సగటు కన్నా తక్కువ. ఇది విని ఊపిరి పీల్చుకునేవారు ఆ తక్కువ ఎందుకో అడగాలి. పైన చెప్పిన పొగ, మసి కొంత ఎండను ఆపుతున్నాయి. కాలువల కింద, బోర్ల కింద తడిసిన పొలాలు కొంత వేడిని ఆవిరిగా మారుస్తున్నాయి. మసి మన ఊపిరితిత్తుల్లోకే పోతోంది. దాన్ని తగ్గించి తీరాలి, తగ్గించినప్పుడు దాని చాటున ఉన్న వేడి బయటకు వస్తుంది. భూగర్భజలం అడుగంటిన చోట తడి నీడ కూడా పోతుంది. ఈ రెండు కారణాలూ శాశ్వత రక్షణ కావు. 2024 ఇప్పటికే దేశంలో 1901 నుంచి అత్యంత వేడి ఏడాదిగా నమోదైంది.

పైగా మనిషిని చంపేది థర్మామీటరు అంకె ఒక్కటే కాదు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేయక తప్పని కూలీలు. రాజస్థాన్‌లో అంతకన్నా ఎక్కువ డిగ్రీలు తరచూ నమోదవుతాయి. కోస్తాలో గాలిలో తేమ ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా ఉక్కపోత వీడకపోతే గుండె తేరుకునే సమయం దొరకదు. టీవీలో గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు రాత్రి కనిష్ఠం, తేమ శాతం చెప్పడం ఈ రెండు రాష్ట్రాలకు ప్రాణావసరం.

1.5 డిగ్రీల గురించి క్లుప్తంగా. 2024లో ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కన్నా సుమారు 1.55 డిగ్రీలు పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించగానే, పారిస్ ఒప్పందం ముగిసిపోయింది, ఇక చేసేదేమీ లేదన్న నిట్టూర్పులు వినిపించాయి. ఆ ఒప్పందం చూసేది ఒక్క ఏడాదిని కాదు, దీర్ఘకాలపు సగటును. 1.5 దాటితే అగాధమూ, దాటకపోతే క్షేమమూ అనే గీత కూడా ప్రకృతిలో లేదు. 1.6 కన్నా 1.5 నయం, 1.7 కన్నా 1.6 నయం.

చివరగా, ఇంజనీర్ల భాషలోంచి జనంలోకి వచ్చిన ఒక మాట: ‘వందేళ్లకోసారి వచ్చే వాన’. ఒకసారి వచ్చింది కాబట్టి మనవళ్ల కాలం దాకా రాదని దానికి అర్థం చెప్పుకుంటారు. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశముందని దాని అసలు అర్థం. ఆ లెక్కన ముప్పై ఏళ్ల గృహరుణం తీర్చేలోపు ఆ వాన కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 26. ఇది కూడా పాత లెక్కల మీద. హైదరాబాదులో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు కురిసి బేగంపేట మునిగింది. ఇరవై ఏళ్లకు, 2020 అక్టోబరులో, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది. నాలా వెడల్పు, కల్వర్టు ఎత్తు, చెరువు అలుగు పొడవు తేల్చే ఇంజనీరు ముందు ఒక వాన పట్టిక ఉంటుంది. ఆ పట్టిక ఏ ఏడాదితో ఆగిపోయిందో, అందులో 2000, 2020, 2023 వానలు చేరాయో లేదో, టెండరు పిలవకముందే కార్పొరేటర్లూ, కాలనీ సంఘాలూ, విలేకరులూ అడగాలి.